రిపోర్టులో ఆ ఒక్క అంకె కాదు, రక్తం తీసిన గంట కూడా చదవాలి

నవజాత శిశువుల మడమ రక్తపరీక్ష గురించి ఈ శీర్షికలో రాసినప్పటి నుంచి వస్తున్న ఉత్తరాల్లో చాలా భాగం ఒకే కాగితం మీద: ఒంట్లో కొవ్వును వాడుకునే పని ఎక్కడైనా ఆగిందేమో చూపే ఎసైల్‌కార్నిటిన్ ప్రొఫైల్. ఆ కాగితాలు చదవడమే నా రోజువారీ ఉద్యోగం కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాను. పేర్లు రాయవద్దన్నవారి పేర్లు రాయలేదు.

ప్రశ్న: మా పాప పుట్టి రెండు వారాలైంది. మడమ దగ్గర రక్తం తీసి చేసిన పరీక్షలో "సి8 ఎక్కువ, ఎంక్యాడ్ లోపం అనుమానం, మళ్లీ పరీక్ష అవసరం" అని వచ్చింది. పాప చక్కగా పాలు తాగుతోంది, బరువు పెరుగుతోంది. ఏ లక్షణమూ లేని బిడ్డకు జబ్బేమిటి డాక్టరు గారూ? అసలు ఆ సి8 అంటే ఏమిటి? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు చేయాల్సింది చెప్పేసి తర్వాత వివరాల్లోకి వెళ్తాను. రెండో పరీక్ష ఫలితం వచ్చేదాకా పాపకి ఎంక్యాడ్ లోపం ఉన్నట్టే చూసుకోండి. పాలు పట్టడం మధ్య ఎడం పెరగనివ్వకండి. రాత్రి హాయిగా నిద్రపోతోంది కదా అని వదిలేయకండి, మీ డాక్టరు చెప్పిన వేళకు లేపి పట్టండి. పాలు వద్దని మొరాయించినా, వాంతులైనా, మామూలు కంటే మగతగా అనిపించినా పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. రిపోర్టు చేతపట్టుకుని ఆసుపత్రికి వెళ్లి "ఎంక్యాడ్ అనుమానం ఉంది" అన్న మాట అన్నిటికంటే ముందు చెప్పండి.

ఇక సి8 సంగతి. తిన్నది అరిగిపోయి, కాలేయంలోని చక్కెర నిల్వ తగ్గేసరికి శరీరం కొవ్వును వాడుకోవడం మొదలుపెడుతుంది. కొవ్వు ఆమ్లమంటే కార్బన్ అణువుల గొలుసు. మన ఒంట్లో ఎక్కువగా ఉండేవి 16, 18 కార్బన్ల పొడవున్నవి. కణాల్లోని మైటోకాండ్రియాలో ఈ గొలుసు ఒక్కో విడతకు రెండేసి కార్బన్ల చొప్పున తెగుతూ వస్తుంది: 16, 14, 12, 10, ఇలా. పొడవును బట్టి ఎంజైములు మారతాయి. మధ్యస్థమైన పొడవులో పనిచేసే ఎంజైము ఎంక్యాడ్. అది పనిచేయకపోతే అంతవరకూ సాఫీగా తెగుతూ వచ్చిన గొలుసు 8 కార్బన్ల దగ్గర ఎక్కువగా, దానికి అటూ ఇటూ కొంత, ఆగిపోతుంది.

ఆగిపోయిన ముక్క కోఎంజైమ్ ఏ అనే అణువును అంటిపెట్టుకుని ఉంటుంది. మైటోకాండ్రియాలో కోఎంజైమ్ ఏ ఉన్నదే కొంచెం, దానికి వేరే పనులు బోలెడు. పైగా ఆ రెండూ కలిసి ఉండగా లోపలి పొర దాటి బయటికి రాలేవు. అప్పుడు కణం ఆ ముక్కను కోఎంజైమ్ ఏ నుంచి విడిపించి, కొవ్వు ముక్కలను మోసే కార్నిటిన్ అనే అణువుకి తగిలిస్తుంది. అలా తయారైందే ఎసైల్‌కార్నిటిన్. దానికి పొర దాటే దారి ఉంది. అది రక్తంలోకి వస్తుంది, కొంత మూత్రంలో పోతుంది. కాలేయం ముక్క కోసి చూడకుండానే లోపల పని ఎక్కడ ఆగిందో మనకు తెలిసేది ఇందువల్లే. 8 కార్బన్ల ముక్కను మోస్తున్నది సి8, 16 కార్బన్లది సి16, ఏమీ మోయకుండా ఖాళీగా తిరిగేది సి0.

మీ పాప రక్తపు చుక్కతో మాలాంటి ల్యాబులో ఏం చేస్తారో కూడా చెప్తాను. కాగితం మీద ఎండిన చుక్కలోంచి సుమారు 3 మిల్లీమీటర్ల బిళ్ల ఒకటి గుద్ది తీస్తాం. బరువు మాత్రమే కాస్త మార్చిన కార్నిటిన్లను, ఎంత పోశామో తెలిసేలా, మిథనాల్‌లో కలిపి అందులో ఆ బిళ్లను నానబెడతాం. ఆ ద్రవం టాండెం మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి వెళ్తుంది. యంత్రం మొదటి భాగంలో అణువులు బరువు ప్రకారం విడిపోతాయి, మధ్యలో వాయువుతో ఢీకొని విరుగుతాయి. ఎసైల్‌కార్నిటిన్ ఏదైనా సరే, విరిగితే 85 బరువున్న ముక్క ఒకటి రాలుతుంది. ఆ 85ను రాల్చినవేవో మాత్రమే చూపించమంటే తెర మీద వరసగా గీతలు లేస్తాయి. మేం వాడే పద్ధతిలో 204 దగ్గర సి2, 288 దగ్గర సి8, 400 దగ్గర సి16. అంతా రెండు మూడు నిమిషాల పని. మామూలు బిడ్డ రక్తంలో 288 దగ్గర గీత నేలకి అంటుకుపోయినట్టుంటుంది. ఎంక్యాడ్ లోపమున్న బిడ్డలో అది నిటారుగా లేస్తుంది, దాని పక్కన 260 దగ్గర సి6, 314 దగ్గర సి10:1 (గొలుసులో ఒక జంట బంధం ఉందని ఆ చివరి 1 అర్థం) చిన్నగా తలెత్తుతాయి. ఎన్ని చూసినా ఆ మూడూ కలిసి కనిపించగానే చేతిలో పని ఆపేసి ఫోను తీసుకుంటాను. ఆ ఫోను ఒక్క పూట కూడా ఆలస్యం కాకూడదని నా పట్టుదల.

రక్తాన్ని కాగితం మీద ఆరబెట్టి దూరాలకు పంపే పద్ధతిని 1960ల మొదట్లో వాడుకలోకి తెచ్చినవాడు రాబర్ట్ గత్రీ, అది వేరే జబ్బు కోసం. ఒక చుక్కలో ఎసైల్‌కార్నిటిన్లన్నిటినీ ఒకేసారి చూడవచ్చనీ, అప్పుడే పుట్టిన బిడ్డలందరికీ ఇలా పరీక్ష చేయవచ్చనీ 1990లో డ్యూక్ యూనివర్సిటీలోని డేవిడ్ మిల్లింగ్టన్, చార్లెస్ రో బృందం రాసింది. అంతకుముందు ఈ లోపమున్న పిల్లల్లో కొందరు కాలేయాన్నీ మెదడునీ దెబ్బతీసే రేయ్స్ సిండ్రోమ్ అనో, కారణం తెలియని ఆకస్మిక మరణమనో లెక్కల్లోకెక్కేవారు. ఏ లక్షణమూ లేని బిడ్డకు జబ్బేమిటన్నారు కదా, ఈ లోపం తీరే అంత. కడుపు నిండి ఉన్నంతకాలం కొవ్వుతో పనిపడదు కాబట్టి బిడ్డ అందరు పిల్లల్లాగే ఉంటుంది. జ్వరమో విరేచనాలో వచ్చి తిండి మానేసిన రోజున ఒక్కసారిగా చక్కెర పడిపోతుంది. ముందే తెలిస్తే ఆ రోజు రాకుండా చూసుకోవచ్చు, మీకు ముందే తెలిసింది.

అయితే సి8 ఒక్కటే జబ్బును ఖాయం చేయదు. సి8ని సి10తో భాగించి చూస్తాం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు ఎంసీటీ నూనె (మధ్యస్థ పొడవు గొలుసుల కొవ్వు) కలిపిన పాలు పడితే ఏ లోపమూ లేకుండానే సి8, సి10 పెరుగుతాయి, అందుకే ఏ పాలు పట్టారని అడుగుతాం. తర్వాత ఈ లోపంలో మూత్రంలో పెరిగే హెక్సనాయిల్‌గ్లైసీన్, సుబెరిల్‌గ్లైసీన్ ఉన్నాయా అని చూస్తారు, ఎంక్యాడ్‌కి సంబంధించిన ఏసీఏడీఎం జీన్ చదువుతారు. అవన్నీ కలిస్తేనే నిర్ధారణ. అదే ఖాయమైతే రోజూ వేయాల్సిన ప్రత్యేకమైన మందంటూ లేదు, ఆకలితో ఉంచకపోవడమే వైద్యం. పాప ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో సాధారణంగా చెప్పే గరిష్ఠ పరిమితి ఆరు నెలల నుంచి ఏడాది లోపు 8 గంటలు, రెండో ఏట 10, రెండేళ్లు దాటాక 12. ఆరు నెలల లోపు అంతకంటే చాలా తక్కువ, అది మీ డాక్టరే చెప్పాలి. ఒంట్లో బాగాలేని రోజున ఈ లెక్కలేవీ చెల్లవు.

ప్రశ్న: మా బాబుకి 14 నెలలు. జ్వరంతో ఒక పగలంతా ఏమీ తినలేదు, తెల్లవారుజామున లేపితే లేవలేదు. ఆసుపత్రిలో షుగర్ 28 అన్నారు, మూత్రంలో కీటోన్లు లేవన్నారు. గ్లూకోజ్ ఎక్కించగానే కళ్లు తెరిచాడు. మూడో రోజున ఎసైల్‌కార్నిటిన్ పరీక్ష చేస్తే నార్మల్ వచ్చింది. మేం గండం గడిచిందనుకుంటుంటే మా డాక్టరు మాత్రం వదలడం లేదు, జీన్ పరీక్ష కూడా చేయిద్దామంటున్నారు. నార్మల్ వచ్చాక ఇంకా ఎందుకండీ? (ఒక తండ్రి)

జవాబు: మీ డాక్టరు వదలకపోవడం మీ బాబు అదృష్టం. ఆయన చెప్పినట్టే చేయండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట షుగర్ 28 కాదు, "కీటోన్లు లేవు" అన్నది. పస్తున్న పిల్లాడికి చక్కెర తగ్గితే కాలేయం కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది, మెదడు వాటితో నెట్టుకొస్తుంది. మూత్రంలో కీటోన్లు దండిగా కనబడాలి. చక్కెర అడుగంటినా కీటోన్లు రాలేదంటే కొవ్వును వాడుకునే దారిలో ఎక్కడో అడ్డు ఉండాలి, లేదా ఇన్సులిన్ అక్కర్లేని సమయంలో అతిగా ఊరుతూ కొవ్వును కరగనివ్వకుండా ఉండాలి. రెండూ తేలిగ్గా తీసుకునేవి కావు.

మరి నార్మల్ ఎలా వచ్చింది? గ్లూకోజ్ ఎక్కింది, ఇన్సులిన్ పెరిగింది, కొవ్వు కరగడం ఆగింది. పొడవైన గొలుసులను మైటోకాండ్రియాలోకి పంపే సీపీటీ1 అనే ఎంజైము మూతపడింది. గొలుసులే లోపలికి పోకపోతే మధ్యలో ఆగిపోయే ముక్కలెక్కడివి? పొడవైన గొలుసులను తెంచే వీఎల్‌క్యాడ్ అనే ఎంజైము లోపంలో ముఖ్యంగా ఇలా జరుగుతుంది. దాని గుర్తు సి14:1. పస్తులో, జ్వరంలో స్పష్టంగా పెరిగే ఆ గీత రెండు రోజులు బాగా తిని పడుకున్నాక మామూలు హద్దుల్లోకి వచ్చేయగలదు. మూడో రోజు రక్తంలో దాన్ని వెతకడం వాన వెలిసి ఎండెక్కాక ఇంటి కప్పు ఎక్కడ కారుతోందో వెతకడమే. ఎంక్యాడ్ లోపంలో సి8 అంత తేలిగ్గా మాయం కాదు. అందువల్ల మీ రిపోర్టు ఎంక్యాడ్‌ని చాలావరకు పక్కన పెడుతుందేమో గాని, మిగతావాటిని పెట్టదు.

ఇంకో చిక్కు ఉంది. సీపీటీ1ఏ, అంటే కాలేయంలో ఉండే సీపీటీ1, లోపంలో కొవ్వు ముక్కలకు కార్నిటిన్ తగిలించే మొదటి మెట్టే లేదు. కాబట్టి పెరగాల్సిన ఎసైల్‌కార్నిటిన్ అంటూ ఏదీ ఉండదు. ఒక్కో అంకెనే హద్దులతో పోల్చుకుంటూ పోతే అన్నీ బాగున్నట్టే కనిపించవచ్చు. ఖాళీ కార్నిటిన్ సి0ని, సి16, సి18ల మొత్తంతో భాగించి చూస్తేనే బయటపడుతుంది, ఆ నిష్పత్తి ఎక్కడో ఆకాశంలో ఉంటుంది. మీ రిపోర్టులో ఈ మూడు అంకెలూ ఉంటాయి, ఆ భాగహారం చేశారా అని మీ డాక్టరుని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ తెల్లవారుజామున గ్లూకోజ్ ఎక్కించకముందు తీసిన రక్తం ల్యాబులో కొంచెమైనా మిగిలి ఉందా అని వాకబు చేయించండి. ఆ కాస్త సీరమ్ ఇప్పుడు తీసే రక్తం కంటే ఎన్నోరెట్లు విలువైనది. బాబు పుట్టినప్పటి మడమ కార్డు తీసి ఉంటే, దాచిపెట్టే పద్ధతి అక్కడ ఉంటే, అదీ పనికొస్తుంది. ఇలాంటి బిడ్డకు మళ్లీ ఎప్పుడైనా అలా జరిగితే గ్లూకోజ్‌కి ముందే ఒక గొట్టం రక్తం, ఆ తర్వాత వచ్చే మొదటి మూత్రం పట్టి ఉంచమని డాక్టరు చేత ఒక చీటీ రాయించి ఇంట్లో పెట్టుకోండి. రక్తనాళం దొరకడం కష్టమైతే పరీక్ష సంగతి పక్కనబెట్టి గ్లూకోజే ముందు, ఆ మాట కూడా చీటీలో ఉండాలి.

చేతులెత్తి అడుగుతున్నాను, పస్తుంచితేనే పరీక్షలో దొరుకుతుందన్నమాట అనుకుని ఇంట్లో బాబుని ఆకలితో ఉంచి చూడకండి. ఒకప్పుడు ఆసుపత్రిలో పడుకోబెట్టి అలా చేసేవారు, ప్రమాదమని దాదాపుగా మానేశారు. ఇప్పుడు జీన్ పరీక్ష ఉంది. మీ డాక్టరు అడుగుతున్నది అదే.

ప్రశ్న: బాబు రిపోర్టులో సి5ఓహెచ్ ఎక్కువ వచ్చింది. రెండోసారి వాడితో పాటు నా రక్తం కూడా కావాలన్నారు. నా వల్ల ఏదైనా జరిగిందా? అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు.

జవాబు: తల్లీ, మీరు చేసిందీ లేదు, చేయకపోయిందీ లేదు. కడుపులో ఉండగా మావి ద్వారా, పుట్టాక పాల ద్వారా మీ రక్తంలోని పదార్థాలు బిడ్డకు చేరతాయి. పుట్టిన రెండు మూడు రోజులకు తీసిన చుక్కలో బిడ్డవెన్నో మీవెన్నో యంత్రం చెప్పలేదు. సి5ఓహెచ్ అంటే ఓహెచ్ గుంపు తగిలిన 5 కార్బన్ల ముక్కను మోస్తున్న కార్నిటిన్. అది పెరిగినప్పుడు 3-ఎంసీసీ అనే ఎంజైము లోపం కావచ్చు, ఆ లోపం తల్లిది కావచ్చు. ఆమె జీవితంలో ఒక్కరోజూ దానివల్ల ఇబ్బంది పడి ఉండకపోవచ్చు కూడా. మీలో సి5ఓహెచ్ ఎక్కువగా ఉండి, బాబులో వారాలు గడిచేకొద్దీ తగ్గుతూ వస్తే విషయం తేలినట్టే. సి5ఓహెచ్ బయోటిన్ అనే విటమిన్‌కి సంబంధించిన జబ్బుల్లోనూ, మరికొన్నిటిలోనూ పెరుగుతుంది, కాబట్టి బాబు మూత్ర పరీక్ష మాత్రం తప్పించకండి.

ఇలా బిడ్డ చుక్కలో తల్లి కనిపించడం ఇదొక్కటే కాదు. తల్లికి బి12 తక్కువైతే బిడ్డలో సి3 పెరుగుతుంది, అది సరిచేయగలిగినదే, సరిచేయకపోతే బిడ్డకు నష్టం. బిడ్డలో సి0 మరీ తక్కువగా ఉంటే కార్నిటిన్‌ని కణాల్లోకి తీసుకునే వాహకం లోపం తల్లిలో బయటపడిన సందర్భాలున్నాయి. అలాంటి తల్లి గుండెను కూడా పరీక్షించాలి. బిడ్డ బాగున్నాడని తెలిసి అందరూ ఇంటికెళ్లిపోయాక తల్లి రిపోర్టును ఎవరూ పట్టించుకోకపోవడం నాకు చాలా బాధ కలిగించే సంగతి. మీ రిపోర్టు మీరు అడిగి తీసుకోండి.

మందుల సంగతి కూడా చెప్పండి. ఐసోవలెరిక్ ఎసిడీమియా అనే జబ్బుకి గుర్తు సి5, 246 దగ్గర గీత. పివాలిక్ ఆమ్లం కలిసిన కొన్ని యాంటీబయాటిక్స్ తల్లి వాడినా అదే 246 దగ్గర గీత లేస్తుంది, రెండు అణువుల బరువూ ఒకటే. వేరే పద్ధతిలో విడదీసి చూస్తే తప్ప తెలియదు. కాన్పు ముందు వాడిన మందుల పేర్లు ఒక్క వరస రాసి ఇస్తే ఒక కుటుంబానికి వారం రోజుల ఆందోళన తప్పుతుంది.

ప్రశ్న: నేను ప్రసూతి వార్డులో నర్సుని. మడమ రక్తపు కార్డులు త్వరగా ఆరాలని కొందరు హీటర్ దగ్గర పెడుతున్నారు. ఫరవాలేదా మేడమ్?

జవాబు: ఫరవా ఉంది. వేడికీ తేమకీ కార్నిటిన్‌ని పట్టుకున్న ముక్కలు ఊడిపోతాయి. ఎసైల్‌కార్నిటిన్లు తగ్గి ఖాళీ కార్నిటిన్ పెరుగుతుంది, జబ్బున్న బిడ్డ రిపోర్టు బాగున్నట్టు వస్తుంది. కార్డును గది వేడిమిలోనే, ఎండ తగలకుండా, చుక్కలు దేన్నీ తాకకుండా పరిచి కనీసం మూడు నాలుగు గంటలు ఆరనివ్వండి. తర్వాత తేమ పీల్చే పొట్లంతో కవరులో పెట్టి అదే రోజు పంపండి. ఒక వలయానికి ఒకే చుక్క, చుక్క మీద చుక్క వేయవద్దు, కాగితం వెనక్కి కూడా ఇంకాలి. స్పిరిట్ ఆరాకే గుచ్చండి.

పుట్టిన టైము, రక్తం తీసిన టైము, బరువు, ఏ పాలు, ఏ మందులు, రక్తం ఎక్కించారా అన్న గడులు ఖాళీగా వచ్చే కార్డు నా చేతికొస్తే సగం సమాచారమే వచ్చినట్టు. 24 నుంచి 72 గంటల మధ్య తీయమనడానికి కారణముంది. పుట్టిన మొదటి రోజుల్లో, పాలు కుదురుకోకముందు, బిడ్డ తన కొవ్వునే వాడుకుంటుంది, పొడవు గొలుసుల లోపాలు అప్పుడే బాగా కనిపిస్తాయి. మీరు ఈ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషం, మీ వార్డులో అందరికీ చూపించండి.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. దూరం పరుగెత్తిన మర్నాడు తొడల్లో విపరీతమైన నొప్పి, మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చింది. ఇది రెండోసారి. సీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) చాలా ఎక్కువన్నారు, తర్వాత మామూలైంది. ఇప్పుడు ఎసైల్‌కార్నిటిన్ పరీక్ష రాశారు. ఇది పసిపిల్లల పరీక్ష కదా?

జవాబు: పెద్దవాళ్లదీ. మీ డాక్టరు మనసులో ఉన్నది బహుశా సీపీటీ2 లోపం, కండరాలకు పరిమితమయ్యే రకం. 1973లో మొదటిసారి వర్ణించారు. పొడవైన గొలుసుల నుంచి కార్నిటిన్‌ని లోపలి పొర దగ్గర విడదీసే ఎంజైము ఇది. మామూలు రోజుల్లో ఏమీ తెలియదు. ఎక్కువసేపు శ్రమ, పస్తు, జ్వరం, చలి, వీటిలో రెండు కలిస్తే కండరం చితికి అందులోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి దిగుతుంది. రిపోర్టులో సి16, సి18:1 పెరుగుతాయి. వాటి మొత్తాన్ని సి2తో భాగిస్తే ఇంకా స్పష్టం. మీ విషయంలో ఎండిన చుక్క కాకుండా ప్లాస్మా మీద చేయించండి. రక్తకణాల్లోని పొడవు గొలుసుల కార్నిటిన్లు కూడా చుక్కలోకి వచ్చేస్తాయి, కొద్దిపాటి తేడా అందులో కలిసిపోతుంది.

నొప్పి పరుగు మొదలెట్టిన నిమిషాల్లోనే వస్తుందా, చాలాసేపటి తర్వాతా? డాక్టరుకి ఇది తప్పక చెప్పండి. మొదటి నిమిషాల్లోనే పట్టేసి, కాసేపు ఆగితే మళ్లీ పరుగెత్తగలిగితే అది కండరం తనలోని చక్కెర నిల్వను వాడుకోలేని మెక్‌ఆర్డిల్ జబ్బు వైపు చూపిస్తుంది, అందులో ఎసైల్‌కార్నిటిన్లు మామూలుగానే ఉంటాయి. సి4 నుంచి సి18 దాకా పొడవుతో నిమిత్తం లేకుండా చాలా పెరిగి ఉంటే అది ఎంఏడీడీ, అంటే ఇలాంటి ఎంజైములు అనేకం ఒకేసారి కుంటుపడే లోపం, కావచ్చు. పెద్దయ్యాక బయటపడే ఆ రకంలో చాలామంది రైబోఫ్లావిన్‌తో, అంటే బి2 విటమిన్‌తో, నడవలేని స్థితి నుంచి కోలుకుంటారు. అందుకే ఈ పరీక్ష పెద్దవాళ్లకు రాయడానికి డాక్టర్లు వెనకాడకూడదని నా కోరిక.

ఇంకోసారి మూత్రం రంగు మారితే నీళ్లు తాగి పడుకోవద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. కిడ్నీలు దెబ్బతినేది అప్పుడే. ఏ ఆపరేషనైనా ముందు మత్తుమందు డాక్టరుకి ఈ సంగతి చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయి ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ వాడుతోంది. రిపోర్టులో సి0 తక్కువ. కార్నిటిన్ క్యాప్సూల్స్ మేమే కొని మొదలుపెట్టవచ్చా?

జవాబు: వద్దు. వాల్‌ప్రోయేట్ కార్నిటిన్‌ని తగ్గిస్తుంది, అది తెలిసిన విషయమే, అమ్మాయికి ఇవ్వాలా వద్దా అన్నది ఆమె వయసు, కాలేయం, అమోనియా చూసి డాక్టరు నిర్ణయిస్తారు. వాల్‌ప్రోయేట్‌ని మాత్రం మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపకండి. కార్నిటిన్ మొదలుపెట్టాక తీసిన రక్తంలో సి0, సి2 పెరిగిపోతాయి, అసలు లోపం కార్నిటిన్ వాహకానిదేనా అని తేల్చడం కష్టమవుతుంది. అందుకే మొదలుపెట్టడానికి ముందే మరోసారి రక్తం, మూత్రం ఇవ్వండి. ఇప్పటికే కొన్నాళ్లు వేసి ఉంటే దాచకుండా ఎప్పటినుంచి, రోజుకి ఎంత మోతాదు అన్నది పరీక్ష ఫారం మీద రాయించండి.